క్రిస్టియన్ డాప్లర్: రాతి మేస్త్రీల ఇంటి నుంచి మంచు సముద్రాల దాకా



తుఫాను వచ్చే రోజుల్లో టీవీ పెట్టగానే మచిలీపట్నం డాప్లర్ రాడార్, విశాఖపట్నం డాప్లర్ రాడార్ అనే మాటలు వింటాం. గర్భిణులకు ఆసుపత్రిలో డాప్లర్ స్కాన్ రాస్తారు. రోడ్డు మీద బండి ఎంత వేగంగా పోతోందో పోలీసులు చూసే స్పీడ్ గన్‌లోనూ ఇదే పేరు దాగి ఉంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో డాప్లర్ ఫలితం ఒక పాఠం. మాలో చాలామందిమి దాన్ని బట్టీ పట్టి పరీక్ష రాసి వచ్చాం. కానీ ఆ డాప్లర్ ఎవరు, ఏ ఇంట పుట్టాడు, ఎలా చదివాడు, ఎన్నిసార్లు ఓడిపోయాడు అని ఎప్పుడూ అడగలేదు. ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఆయన జీవితాన్ని వెతికి చదివాం. చదివాక ఇది మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోవలసిన జీవితం అనిపించింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. భూమికి దక్షిణపు కొసన మంచుగడ్డలు తేలే సముద్రంలో ఓడ మీద కూర్చుని, నీటిలోకి చెయ్యి కూడా పెట్టకుండా, వందల మీటర్ల లోతున ప్రవాహం ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో ధ్వనితో కొలుస్తున్నారు. ఆ కొలతకు ఆధారం 1842లో ఈయన చెప్పిన సూత్రమే. ఆయన మాత్రం ఆ సముద్రాలను చూడలేదు, అలాంటి ఓడ ఎక్కలేదు.

ఉలి పట్టలేని పిల్లవాడు

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో పుట్టాడు. వాళ్ళది తరతరాలుగా రాతి మేస్త్రీల కుటుంబం. తాత చేసిన పనే తండ్రి, తండ్రి చేసిన పనే కొడుకు చేస్తూ వచ్చారు. పని బాగా సాగేది, పేరూ ఉండేది. క్రిస్టియన్ కూడా పెద్దవాడై ఉలి, సుత్తి పట్టుకుంటాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. కానీ పిల్లవాడిది బలహీనమైన ఒళ్ళు. రాతి పనికి పనికిరాడని తేలిపోయింది.

మరి వీడిని ఏం చెయ్యాలి? తండ్రికి తోచలేదు. ఆ ఊళ్ళో సైమన్ స్టాంఫర్ అనే గణిత అధ్యాపకుడు ఉండేవాడు. తండ్రి వెళ్ళి ఆయన సలహా అడిగాడు. స్టాంఫర్ పిల్లవాడిని పరీక్షించి, వీడికి లెక్కలు బాగా వస్తాయి, వియన్నాలోని పాలిటెక్నిక్‌కు పంపించండి అని సలహా ఇచ్చాడు. అలా 1822లో డాప్లర్ వియన్నా చేరాడు. ఒక ఉపాధ్యాయుడు ఒక తండ్రికి చెప్పిన ఆ మాట లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని చదివేవారిని కోరుతున్నాం. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివి 1825లో డాప్లర్ సాల్జ్‌బర్గ్ తిరిగి వచ్చాడు. మధ్యలో మిగిలిపోయిన చదువు అక్కడ పూర్తి చేసుకుని, మళ్ళీ వియన్నా వెళ్ళి విశ్వవిద్యాలయంలో ఉన్నత గణితం, యాంత్రికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదివాడు. 1829లో ఒక గణిత ఆచార్యుడి దగ్గర సహాయకుడిగా కుదిరాడు. అది తాత్కాలిక ఉద్యోగం. నాలుగేళ్ళకు ముగిసిపోయింది. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు.

నూలు మిల్లులో గుమాస్తా

ఆ రోజుల్లో ఆ దేశంలో అధ్యాపక ఉద్యోగాలకు పోటీ పరీక్షలు ఉండేవి. రాత పరీక్ష రాయాలి, మౌఖిక పరీక్షకు హాజరు కావాలి, పాఠం చెప్పి చూపించాలి. ఫలితాల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. డీఎస్సీ రాసి ఇంట్లో కూర్చున్న మన అన్నలకు, అక్కలకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. డాప్లర్ ఒకచోట కాదు, చాలాచోట్ల దరఖాస్తు పెట్టాడు. ఉద్యోగం రాలేదు. పొట్ట గడవడం కోసం ఒక నూలు మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాగా ఏడాదిన్నర పనిచేశాడు. ఉన్నత గణితం చదువుకున్న మనిషి నూలు కట్టల జమాఖర్చులు రాస్తూ కూర్చున్నాడు.

1835 నాటికి ఆయన ఓపిక పూర్తిగా నశించింది. ఈ దేశంలో నాకు చోటు లేదనుకున్నాడు. ఉన్న సామాన్లు అమ్మేసి, అమెరికా వెళ్ళిపోదామని మ్యూనిక్ నగరంలోని అమెరికా కాన్సులేట్ దాకా వెళ్ళాడు. సరిగ్గా ఆ సమయంలో ప్రాగ్ నగరంలోని ఒక సాంకేతిక పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చినట్టు కబురు అందింది. ప్రయాణం మానుకుని ప్రాగ్ వెళ్ళాడు. మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్‌కు చెందిన ఒక కంసాలి గారి అమ్మాయి మథిల్డాను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు ఐదుగురు పిల్లలు.

ప్రాగ్‌లో కూడా సుఖపడింది తక్కువే. పాఠశాలలో పనిచేస్తూనే అక్కడి పాలిటెక్నిక్‌లో కూడా పాఠాలు చెప్పేవాడు. 1841లో గాని అక్కడ పూర్తి స్థాయి ఆచార్య పదవి రాలేదు. వందల మంది విద్యార్థులకు పాఠం చెప్పడం, వాళ్ళందరికీ రాత పరీక్షలు, మౌఖిక పరీక్షలు పెట్టడం ఆయన పని. సరైన ఆరోగ్యం లేని మనిషికి అది మోయలేని బరువు. ఊపిరితిత్తుల జబ్బు ఇక్కడే ముదిరింది. పరీక్షల్లో మరీ కఠినంగా ఉంటున్నాడని విద్యార్థులు ఫిర్యాదు కూడా చేశారు. 1844లో జబ్బుతో సెలవు పెట్టి, మళ్ళీ 1846లో గాని పనిలోకి రాలేకపోయాడు.

అలలకు ఎదురు వెళ్ళే ఓడ

ఈ బరువు మధ్యనే ఆయన తన పేరు నిలబెట్టిన పని చేశాడు. 1842 మే 25న ప్రాగ్‌లోని బొహీమియా రాజ విజ్ఞాన సంఘంలో ఒక వ్యాసం చదివాడు. దాని విషయం జంట నక్షత్రాల రంగుల కాంతి. అందులో ఆయన మొదలుపెట్టిన పోలిక ఓడది, అలలది. నిలబడి ఉన్న ఓడకు నిమిషానికి కొన్ని అలలు తగులుతాయి. అదే ఓడ అలలకు ఎదురుగా వెళితే అదే నిమిషంలో ఎక్కువ అలలు తగులుతాయి. అలలు పోయే దిక్కుకే వెళితే తక్కువ తగులుతాయి. నీటి అలకు వర్తించిన ఈ లెక్క ధ్వనికీ, కాంతికీ కూడా వర్తించాలి కదా అని ఆయన వాదించాడు.

దీన్ని మనం తాడేపల్లిగూడెం స్టేషన్‌లో చెవులతోనే పరీక్షించుకోవచ్చు. అక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ హారన్ కొట్టుకుంటూ వస్తుంది. మన వైపు వస్తున్నంతసేపూ హారన్ సన్నగా, హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. మనల్ని దాటగానే ఒక్కసారిగా బొంగురుగా తగ్గిపోతుంది. డ్రైవరు హారన్ మార్చలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 500 కంపనాల హారన్ మోగిస్తే, ఎదురుగా వచ్చేటప్పుడు మన చెవికి సుమారు 544, దాటిపోయాక సుమారు 463 కంపనాలు తగులుతాయి. రైలులో కూర్చున్నవారికి మాత్రం ఎప్పుడూ 500. శ్రుతిలో వచ్చిన తేడాను కొలిస్తే రైలు వేగం చెప్పేయవచ్చు. డాప్లర్ సూత్రం మొత్తం ఇంతే. కాగితం మీద రెండు మూడు పంక్తుల్లో అయిపోతుంది.

1842లో దీన్ని రుజువు చేయడం తేలిక కాలేదు. అంత వేగంగా పోయే వాహనాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. 1845లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త నెదర్లాండ్స్ దేశంలో యూట్రెక్ట్ దగ్గర రైలు మార్గం మీద ప్రయోగం చేశాడు. రైలు మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించాడు. శ్రుతి బాగా తెలిసిన సంగీత విద్వాంసులను పట్టాల పక్కన నిలబెట్టాడు. ఫిబ్రవరిలో మొదటి ప్రయత్నం మంచు తుఫాను వల్ల చెడిపోయింది. జూన్‌లో మళ్ళీ చేస్తే డాప్లర్ చెప్పినట్టే శ్రుతి మారింది. ఈ బైస్ బాలట్ తర్వాత గాలుల గురించి చెప్పిన నియమం మన తీరం వాళ్ళకు పనికొచ్చేదే. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మన ఎడమ చేతి వైపు ఉంటుంది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. డాప్లర్ అన్ని విషయాల్లోనూ ఒప్పు కాదు. నక్షత్రాలు ఎర్రగా, నీలంగా కనబడటానికి వాటి కదలికే కారణమని ఆయన అనుకున్నాడు. అది పొరపాటు. నక్షత్రం రంగు ముఖ్యంగా దాని వేడిని బట్టి ఉంటుంది. కదలిక వల్ల కాంతిలో వచ్చే తేడా కంటికి కనబడనంత చిన్నది. 1848లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫిజో వర్ణపటంలోని గీతల జరుగుబాటును చూడాలని సరైన దారి చెప్పాడు. 1868లో ఇంగ్లండుకు చెందిన విలియం హగ్గిన్స్ సిరియస్ నక్షత్రం కాంతిలో ఆ జరుగుబాటును కొలిచే ప్రయత్నం చేశాడు. ఉదాహరణ తప్పినా సూత్రం నిలిచింది.

పెద్దవారి ఎదుట

1847లో డాప్లర్ ప్రాగ్ విడిచి షెమ్నిట్జ్ గనుల విద్యాలయంలో ఆచార్యుడిగా చేరాడు. ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో ఉంది. 1848లో ఆ దేశాల్లో తిరుగుబాట్లు లేచాయి. ఆయన మళ్ళీ వియన్నా చేరుకున్నాడు. అక్కడి పాలిటెక్నిక్‌లో ఆయనకు దొరికిన పదవి ఒకప్పుడు తండ్రికి సలహా చెప్పిన స్టాంఫర్ ఖాళీ చేసినదే. 1850 జనవరిలో వియన్నా విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన భౌతికశాస్త్ర సంస్థకు చక్రవర్తి ఆయనను మొదటి డైరెక్టరుగా నియమించాడు. రాతి పనికి పనికిరాని పిల్లవాడు, నూలు మిల్లు గుమాస్తా, 46 ఏళ్ళకు అక్కడికి చేరాడు. బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసి వంశపారంపర్య నియమాలు చెప్పిన గ్రెగర్ మెండెల్ ఆ సంస్థలో ఆయన దగ్గర భౌతికశాస్త్రం నేర్చుకున్నాడు.

కానీ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 1852లో వియన్నా విజ్ఞాన పరిషత్తులో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గొప్ప గణితవేత్త డాప్లర్ మీద దాడికి దిగాడు. కెమెరా కటకాలతో పెద్ద పేరు సంపాదించినవాడు ఆయన. ఇంత చిన్న లెక్కతో గొప్ప శాస్త్రం ఎక్కడైనా పుడుతుందా అన్నది ఆయన ఎత్తిపొడుపు. పెద్ద పెద్ద సమీకరణాలతో, ప్రవహించే గాలిలో ధ్వని శ్రుతి మారదని నిరూపించాడు. నిజానికి ఆయన లెక్క తప్పు కాదు. గుడి మైకు, వినే మనం, ఇద్దరం కదలకుండా ఉంటే మధ్యలో గాలి ఎంత వీచినా పాట శ్రుతి మారదు. డాప్లర్ చెప్పింది వేరే సంగతి. మోగేది గాని వినేవాడు గాని కదిలినప్పుడు ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న. పెట్జ్‌వాల్ తనకు తానే వేరే ప్రశ్న వేసుకుని దానికి సరైన జవాబు రాశాడు. ఆ సభలో పెట్జ్‌వాల్ మాటకే ఎక్కువ బరువు ఉండేది. డాప్లర్ జబ్బుతో ఉండి కూడా జవాబు చెప్పాడు, తన మాట మీద నిలబడ్డాడు.

అప్పటికి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. 1852 నవంబరులో, వెచ్చగా ఉంటుందని ఇటలీలోని వెనిస్ నగరానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. 1853 మార్చి 17న అక్కడే చనిపోయాడు. 49 ఏళ్ళే. భార్యనూ, ఐదుగురు పిల్లలనూ విడిచి వెళ్ళాడు. వెనిస్ పక్కన సాన్ మికేలే అనే దీవిలోని శ్మశానంలో ఆయనను సమాధి చేశారు.

మంచు సముద్రంలో ధ్వనితో కొలత

ఇప్పుడు మొదట చెప్పిన ఓడ దగ్గరికి వద్దాం. ప్రవాహం ఎలా కొలుస్తారని అడిగితే మన గణపవరం పిల్లలెవరైనా కాలువలో ఆకు వేసి చూస్తే సరి అంటారు. అది పైనీటి సంగతే చెబుతుంది. కాలువలో గుర్రపుడెక్క గాలికి ఒక వైపు కొట్టుకుపోతుంటే కింద నీరు ఇంకో వైపు పోతూ ఉండటం మనకు తెలుసు. ఉప్పుటేరులో పోటు సమయంలో సముద్రపు నీరు కొల్లేరు వైపు ఎదురెక్కుతుందనీ తెలుసు. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. పైన చూసి లోపలి నీటి సంగతి చెప్పలేం. సముద్రంలో ఇది ఇంకా ఎక్కువ.

అందుకని ఓడ అడుగున ట్రాన్స్‌డ్యూసర్లు అమర్చుతారు. విద్యుత్తును ధ్వనిగా, ధ్వనిని మళ్ళీ విద్యుత్తుగా మార్చే పరికరాలు ఇవి. సాధారణంగా నాలుగు ధ్వని కిరణాలు నాలుగు వైపులకు ఏటవాలుగా కిందికి పోతాయి. మనిషి చెవికి 20 వేల కంపనాల పైన వినబడదు. ఇవి సెకనుకు 38 వేలు, 75 వేలు, 150 వేల కంపనాలతో చిన్న చిన్న మోతలు పంపుతాయి. నీటిలో ప్లవకాలు, రొయ్య పిల్లల్లాంటి చిన్న జీవులు, నలుసులు ఉంటాయి. అవి నీటితో పాటే కొట్టుకుపోతుంటాయి. ధ్వని వాటికి తగిలి కొంచెం వెనక్కి వస్తుంది. అవి ఓడ వైపు వస్తుంటే ప్రతిధ్వని శ్రుతి పెరుగుతుంది, దూరం పోతుంటే తగ్గుతుంది. తాడేపల్లిగూడెం రైలు హారన్ సూత్రమే ఇక్కడ నీళ్ళలో పనిచేస్తుంది.

తేడా ఎంత చిన్నదో చూడండి. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. నలుసు ధ్వని దారి వెంట సెకనుకు అర మీటరు వేగంతో దగ్గరికొస్తుంటే, 75 వేల కంపనాల మోత 75,050 అయి తిరిగొస్తుంది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి శ్రుతి మారుతుంది కాబట్టి 50 తేడా. ఆ 50ని పట్టుకుంటే నీటి వేగం దొరుకుతుంది. లోతు ఎలా తెలుస్తుంది? సమయాన్ని బట్టి. 0.2 సెకన్ల తర్వాత వచ్చిన ప్రతిధ్వని ధ్వని దారిలో 150 మీటర్ల దూరం నుంచి వచ్చినది. 0.4 సెకన్లకు వచ్చినది 300 మీటర్ల నుంచి వచ్చినది. ఇలా పొరపొరకూ వేగం, దిక్కు విడివిడిగా రాసుకోవచ్చు. ఓడ ఆగనవసరం లేదు. ఈ పరికరాన్ని అకౌస్టిక్ డాప్లర్ కరెంట్ ప్రొఫైలర్ అంటారు. 1980ల నుంచి పరిశోధన ఓడల మీద దీని వాడకం పెరిగింది.

ఓడ కదులుతుంటే ఆ కదలిక కూడా లెక్కలో కలుస్తుంది. దాన్ని తీసేయాలి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే ఓడ సెకనుకు 5 మీటర్లు పోతుంది. నీటి ప్రవాహం అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. ఓడ ముక్కు ఏ దిక్కున ఉందో ఒక్క డిగ్రీ తప్పు చెబితే సెకనుకు 9 సెంటీమీటర్ల దొంగ ప్రవాహం కాగితం మీద పుట్టుకొస్తుంది. ధ్రువాల దగ్గర దిక్సూచులు సరిగా నిలవవు. అందుకే ఓడ మీద దూరదూరంగా పెట్టిన జీపీఎస్ ఏంటెనాలతో దిక్కు సరిచూస్తారు.

మంచులో ఇంకా ఇబ్బందులున్నాయి. ఓడ మంచును పగలగొట్టుకుంటూ పోతుంటే గడ్డలు అడుగుకు రాసుకుంటాయి. పరికరం పైకి పొడుచుకుని ఉంటే విరిగిపోతుంది. కాబట్టి దాన్ని ఓడ అడుగున గూడు చేసి లోపల పెడతారు. ధ్వని దాటిపోగలిగే గట్టి ప్లాస్టిక్ పలక దానికి మూతగా ఉంటుంది. మంచు పగిలే చప్పుడు ప్రతిధ్వనిని మింగేస్తుంది. ఓడ కిందికి చొచ్చుకొచ్చే గాలి బుడగలు ధ్వనిని అడ్డుకుంటాయి. చలికాలంలో నీటిలో జీవులు తగ్గితే ప్రతిధ్వని ఇచ్చేవే ఉండవు. పైగా గడ్డకట్టే స్థితిలో ఉన్న నీటిలో ధ్వని నెమ్మదిగా, సెకనుకు 1440 మీటర్ల దాకా తగ్గి పోతుంది. ఇవన్నీ సరిచూసుకుంటేనే నికరమైన అంకె వస్తుంది.

ఇంత కష్టం ఎందుకంటారా? దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య డ్రేక్ జలసంధి ఉంది. అంటార్కిటికా చుట్టూ తిరిగే మహా ప్రవాహం దాని గుండా పోతుంది. సెకనుకు 13 కోట్ల ఘనపు మీటర్లకు పైగా నీరు! మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే 1986 గోదావరి వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ ప్రవాహం దీనికి వెయ్యి రెట్లకు పైనే. లారెన్స్ గూల్డ్ అనే అమెరికా ఓడ 1999 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఆ జలసంధిని అటూ ఇటూ దాటుతూ డాప్లర్ పద్ధతిలో ఆ ప్రవాహాన్ని కొలిచింది. అంటార్కిటికా దగ్గర చల్లబడి మునిగిన బరువైన నీరు అడుగడుగునా పాకుతూ మన బంగాళాఖాతం అడుగు దాకా వస్తుంది. కనుక ఆ మంచు సముద్రం మనకు సంబంధం లేనిది కాదు.

మన వైపు వాళ్ళు

మన వాళ్ళు కూడా ఈ దారిలో నడిచారు. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న ఆగిరిపల్లిలో 1909లో సూరి భగవంతం గారు పుట్టారు. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు. చెవికి వినబడని అతిధ్వనుల మీద అక్కడ పరిశోధనలు చేయించారు. 1961 నుంచి 1969 వరకు దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు వచ్చి, ఆచార్య మహదేవన్ గారితో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బంగాళాఖాతం మీద అధ్యయనాలకు ఊపు ఇచ్చాడు. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతుంది, సునామీ హెచ్చరికలు ఇస్తుంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చూసే ఉద్యోగాలు మన రాజధానిగా ఉండిన నగరంలోనే ఉన్నాయన్నమాట. లెక్కలు, భౌతికశాస్త్రం చదివినవారికి అక్కడ దారి ఉంది.

మేము చెప్పదలచుకున్నది

ఏటా మన హాస్టళ్ళలో కొందరు మిత్రులు మధ్యలో ఆగిపోతారు. ఒక పరీక్ష పోతుంది, సీటు రాదు. సంచి సర్దుకుని ఊరికి పోతారు. చేపల చెరువుల దగ్గర మేతలు చల్లే పనిలోనో, లెక్కలు రాసే పనిలోనో కుదురుతారు. ఆ పని తక్కువని మేము అనడం లేదు. చాలా ఇళ్ళు ఆ పని మీదే నడుస్తున్నాయి. కానీ తమకు చదువు రాదని వాళ్ళే తీర్మానించుకోవడం చూస్తే బాధ వేస్తుంది. డాప్లర్ ముప్ఫై రెండో ఏట నూలు మిల్లు గుమాస్తా. ఆ రోజున ఆయన జీవితాన్ని ఎవరైనా లెక్క కడితే ఓటమి అనే రాసేవారు. ఉద్యోగం ఇవ్వని పరీక్షలు ఆయన తెలివిని కొలవలేకపోయాయి. ఏడేళ్ళ తర్వాత ఆయన చదివిన వ్యాసం ఇవాళ తుఫానును, కడుపులో బిడ్డ గుండెను, మంచు కింది నీటిని కొలుస్తోంది.

అయితే కష్టపడితే అన్నీ వస్తాయని మాత్రమే చెప్పి ఊరుకోలేం. డాప్లర్ కష్టపడ్డాడు, ఆ కష్టమే ఆయన ఆరోగ్యాన్ని తినేసింది కూడా. ఆయనకు ఇంకొకటి దొరికింది. స్టాంఫర్ దొరికాడు. పనికిరాడనుకున్న పిల్లవాడికి ఏది వచ్చో చూసి, తండ్రికి నచ్చజెప్పి, ఏ ఊళ్ళో ఏ బడిలో చేర్చాలో చెప్పిన మనిషి దొరికాడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఇది. ఈ సంచిక చదివాక మీ ఊళ్ళో మధ్యలో ఆగిపోయిన ఒక్క పిల్లవాడిని, ఒక్క పిల్లను పలకరించండి. ఏ పరీక్ష మళ్ళీ రాయవచ్చో, దరఖాస్తుకు చివరి తేదీ ఎప్పుడో, ఫీజు మినహాయింపు ఎలా వస్తుందో చెప్పండి. వీలైతే తల్లిదండ్రులతో మాట్లాడండి. హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పేది ఏమంటే, ఈసారి తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు ఆగని రైలు హారన్‌ను శ్రద్ధగా వినండి. దాటే క్షణంలో శ్రుతి పడిపోవడం వినబడుతుంది. ఎందుకని పక్కవాడిని అడగండి. వాడికి తెలియకపోతే మీరు చెప్పండి.